మెరవని కారును మెరిపించకండి

కొత్తగూడెం, పాల్వంచ రోడ్ల మీద ఈమధ్య మెరుపు లేని కార్లు అక్కడక్కడా కనబడుతున్నాయి. ముదురు బూడిద రంగు, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా తళుక్కుమనని ఒళ్లు. టీ కొట్టు దగ్గర ఆపితే ఎవరో ఒకరు అడుగుతారు: “ఏందన్నా, ఇంకా పెయింటింగ్ కాలేదా?” ఓనరుకు మండుతుంది, ఎందుకంటే చాలాసార్లు ఆ రంగు కోసమే అతను పైన డబ్బు కట్టి ఉంటాడు. షోరూములో దీన్ని మ్యాట్ అంటారు. అది ఎంత దర్జాగా ఉంటుందో అమ్మేటప్పుడు చెబుతారు గాని, ఇంటికి తెచ్చుకున్న మర్నాడు పొద్దున దాన్ని దేనితో తుడవాలో చెప్పేవాళ్లు తక్కువ. చెప్పే కాగితం ఉన్నా అది డ్యాష్‌బోర్డు అరలోనే ఉండిపోతుంది.

ఒకప్పుడు ఇలాంటి రంగు బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి బండ్లకే ఉండేది. మన దగ్గర మధ్యతరగతి కార్లలోకి అది దిగడంలో తెలుగునేలకూ వాటా ఉంది. 2021 సెప్టెంబరులో కియా కంపెనీ సెల్టోస్ ఎక్స్-లైన్‌ను మ్యాట్ గ్రాఫైట్ రంగులో తెచ్చింది. ఆ బండి తయారయ్యేది పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో. 2023లో ఫోక్స్‌వ్యాగన్ టైగన్, వర్టస్, 2024లో హ్యుందాయ్ క్రెటా ఎన్-లైన్ అదే దారి పట్టాయి. టూవీలర్లలోనైతే ఇది ఎప్పుడో పాతబడింది. మ్యాట్ రంగు యాక్టివాలు, బుల్లెట్లు ఊరూరా ఉన్నాయి. నిజానికి మ్యాట్ కారు ముసలైతే ఎలా ఉంటుందో చూడాలంటే, ఐదారేళ్లు వాడిన మ్యాట్ స్కూటరు పెట్రోలు మూత చుట్టూ, మోకాలు రాసుకునే చోటా చూస్తే చాలు. అక్కడ మచ్చలు మచ్చలుగా నున్నబడి మెరుస్తూ ఉంటుంది.

ఆ మెరుపు ఎక్కడిదో అర్థమైతే ఈ రంగు సంగతి ముప్పావు వంతు అర్థమైనట్టే.

ఖమ్మంలో గ్రానైట్ యార్డుకు వెళ్లినవాళ్లు ఇది కళ్లారా చూసే ఉంటారు. ఒకే రాతి దిమ్మ నుంచి కోసిన రెండు పలకలు పక్కపక్కన నిలబెట్టి ఉంటాయి. ఒకటి అద్దంలా పాలిష్ పట్టింది, మొహం చూసుకోవచ్చు. రెండోది లెదర్ ఫినిష్, చెయ్యి వేస్తే సన్నటి గరుకు తగులుతుంది, ట్యూబులైటు దానిలో కనబడదు. రాయి ఒకటే, రంగూ ఒకటే. నున్నటి పలక మీద పడిన వెలుగంతా ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది. గరుకు పలక మీద పడింది నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. కారు రంగులోనూ తేడా అంతే. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన రంగు లేని లాకర్ పూత. మ్యాట్ కారులోనూ ఇవన్నీ ఉంటాయి. మారేది లాకర్ ఒక్కటే. అందులో సన్నటి సిలికా పొడి లాంటిది కలుపుతారు. లాకర్ ఆరి కుదించుకుపోయేటప్పుడు ఆ రేణువులు పైకి తేలి, కంటికి కనబడని ఎత్తుపల్లాలు చేస్తాయి. మెరుపును కొలిచే మీటరు ఒకటుంది. అరవై డిగ్రీల కోణంలో పెట్టి చూస్తే మామూలు కొత్త కారు 90 చుట్టుపక్కల చూపిస్తుంది, మ్యాట్ కారు సాధారణంగా 30 లోపే.

అయితే రాయికీ కారుకీ ఒక పెద్ద తేడా ఉంది. గ్రానైట్ పలక పొరపాటున నున్నబడితే మళ్లీ బ్రష్షు మిషను కింద పెట్టి గరుకు తెచ్చుకోవచ్చు. కారు లాకర్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే మన వెంట్రుక కంటే పలచన. దాని మీద ఆ ఎత్తుపల్లాలు ఆరేటప్పుడు తయారైనవే గాని తర్వాత చెక్కేవి కావు. ఒకసారి నున్నబడిన చోటును తిరిగి మ్యాట్ చేయగల సీసా బజారులో లేదు.

ఇక్కడే మన అలవాట్లు అడ్డం తిరుగుతాయి. మామూలు కారు మీద గీత పడితే టింకరింగ్ షెడ్డుకు తీసుకెళతాం, పెయింటరు రబ్బింగ్ కొట్టి, పాలిష్ పట్టి ఇస్తాడు. ఆయన చేసేదేమిటంటే, గీత చుట్టూ ఉన్న లాకర్‌ను రెండు మూడు మైక్రాన్లు అరగదీసి గీత లోతుకు సమం చేయడం. మ్యాట్ మీద అదే పని చేస్తే గరుకంతా అరిగి, అరచేయంత మేర నిగనిగలాడే మచ్చ పడుతుంది. గీత కంటే ఆ మచ్చే పది గజాల దూరం నుంచి కనబడుతుంది. వ్యాక్స్ రాస్తే ఇంకో తమాషా. పల్లాల్లోకి వ్యాక్స్ వెళ్లి కూర్చుంటుంది, కొన్నిచోట్ల నిండుతుంది, కొన్నిచోట్ల నిండదు. బండి మీద నూనె పడి ఆరినట్టు చారలు తేలతాయి. టైర్లకూ డ్యాష్‌బోర్డుకూ కొట్టే సిలికాన్ పాలిష్ పొరపాటున ఒంటి మీద పడినా ఇదే గతి.

దీన్ని బట్టి మ్యాట్ పెయింటు సుకుమారమని, ఎండకు త్వరగా పోతుందని చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ లాకర్ మామూలు కారు లాకర్ జాతిదే, ఎండకూ వానకూ అంతే తట్టుకుంటుంది. పైగా నల్లటి మెరిసే కారు మీద ఎండలో సాలెగూడులా కనబడే సన్నటి వలయాలు దీని మీద అంతగా తెలియవు. రోడ్డు దుమ్ము కూడా నల్లకారు మీద కనబడినంతగా బూడిదరంగు మ్యాట్ మీద కనబడదు. చెడగొట్టేవి ఎండా దుమ్మూ కాదు, గుడ్డ పట్టుకున్న చెయ్యి. డ్రైవరుకు బండి మీద ఎంత ప్రేమ ఉంటే దానికి అంత ముప్పు.

ఖమ్మం నుంచి ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా ఉన్న ఈ దారికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఒక్కో ఊరికి ఒక్కో దుమ్ము. ఖమ్మం చుట్టూ గ్రానైట్ పొడి. అందులో క్వార్ట్జ్ ఉంటుంది, రాళ్ల గట్టిదనాన్ని పదికి కొలిస్తే దానికి ఏడు మార్కులు పడతాయి, మామూలు ఇనుము కంటే గట్టిది. ఇల్లెందులో పంతొమ్మిదో శతాబ్దం చివర తవ్వడం మొదలైన బొగ్గు ఇప్పటికీ ఈ రోడ్ల మీద టిప్పర్లలో తిరుగుతోంది. బొగ్గు మెత్తటిదే గాని దానితోపాటు రాతి రజను వస్తుంది, వానాకాలం ఆ రెండూ కలిసి నల్లటి జావలాగా టైరు నుంచి తలుపుల మీదకు చిమ్ముతాయి. పాల్వంచ థర్మల్ స్టేషన్ దగ్గర బూడిద. పిండిలా మెత్తగా ఉంటుంది కదా అనుకుంటాం, సూక్ష్మదర్శినిలో చూస్తే అవి సన్నటి గాజుపూసలు.

ఈ దుమ్ము బండి మీద ఊరికే కూర్చుంటే నష్టం లేదు, వారం కూర్చున్నా లేదు. పొద్దున్నే పాత బనియను ముక్కతో పొడిగా ఒక తుడుపు తుడిచినప్పుడే అది ఉప్పుకాగితం అవుతుంది. ఆ ఒక్క తుడుపుకు ఏమీ కనబడదు. ఏడాది తిరిగేసరికి బోనెట్ అంచు, డిక్కీ మూసేటప్పుడు అరచెయ్యి ఆనే చోటు, డ్రైవరు తలుపు హ్యాండిల్ కింది భాగం నున్నబడి మెరవడం మొదలుపెడతాయి. దులపడానికి వాడే పొడుగుకర్ర డస్టరూ అంతే. బాడీ కవరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దుమ్ము ఉన్న బండి మీద కవరు కప్పితే, గాలికి కవరు కదిలినప్పుడల్లా లోపల రుద్దుడే. కారు మూలలు ముందు అరిగిపోతాయి. కడిగిన బండి మీద కప్పండి, లేదంటే కప్పనే వద్దు.

కడగడం ఎలా? ముందు బండి చల్లబడాలి. మే నెలలో కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు, ముదురు రంగు బోనెట్ మీద చెయ్యి పెట్టలేం. దాని మీద నీళ్లు పోస్తే తుడిచేలోపే ఆరిపోయి బోరునీళ్ల సున్నం తెల్లటి చుక్కలుగా అంటుకుంటుంది. మామూలు కారు మీదైతే ఆ చుక్కలను పాలిష్‌తో తీయొచ్చు, ఇక్కడ ఆ దారి లేదు. అందుకే పొద్దున్నేనో పొద్దుగూకాకనో నీడలో కడగాలి. చెయ్యి పెట్టకముందే పైపుతో పైనుంచి కిందికి నీళ్లు ధారాళంగా పోయాలి. దుమ్ములో ఎక్కువ భాగం అక్కడే పోతుంది, ఆ తర్వాత చేసే పనంతా కలిపినా ఇంత మేలు చేయదు. మ్యాట్ కోసమని రాసి ఉన్న షాంపూ, అది దొరక్కపోతే వ్యాక్స్ కలవని సాదా కారు షాంపూ. గిన్నెల సబ్బు, సర్ఫు వద్దు. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించే నీళ్లు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ బండి మీద తేలిపోవాలి, చెయ్యి బరువు దాని మీద పడకూడదు. తలుపుల కింది భాగం చివరికి మిగుల్చుకోవాలి, ఎందుకంటే రాతి రజను ఉండేది అక్కడే. ఆరబెట్టడానికి పొడి గుడ్డ పరిచి, అద్ది తీయాలి.

ఇంట్లో వీలుకాక వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళితే దగ్గర నిలబడాల్సిందే. ఆ కుర్రాడికి తెలిసిన పద్ధతి ఒకటే. టైర్లు తోమిన స్పాంజితోనే తలుపులూ తోముతాడు, కింద డీజిల్ కొడతాడు, ఆ తుంపరలు పక్కలకు ఎగురుతాయి, చివర్లో ప్రేమగా పాలిష్ తీస్తాడు. “తమ్ముడూ, పాలిష్ వద్దు, డీజిల్ వద్దు, నీళ్లూ నురగా చాలు, తుడిచే గుడ్డ నేనిస్తా” అని ముందే చెప్పి, డబ్బులు మాత్రం మొత్తం ఇవ్వండి. పని తగ్గించాం కదా అని బేరమాడితే వచ్చేసారి చెప్పిన మాట వినడు. తిరిగే బ్రష్షుల ఆటోమేటిక్ వాష్ ఈ బండికి పనికిరాదు.

పాల్వంచ దాటి అడవి మొదలైతే దుమ్ము తగ్గి వేరే బాధలు వస్తాయి. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలతాయి. తెల్లవారుజామున చెట్టు కింద పరుచుకున్న ఆ పూలను కోయవాళ్లు ఎండ ఎక్కకముందే ఏరుకుంటారు. చక్కెర నిండిన కండగల పూవు అది. రాత్రి ఆ చెట్టు కింద బండి పెడితే పొద్దున బోనెట్ నిండా పూలు, వాటికోసం వచ్చిన గబ్బిలాలు, పక్షుల రెట్టలు. రెట్టలో పుల్లటి గుణం ఉంటుంది, వేడెక్కిన రేకు మీద అది లాకర్‌ను తినేస్తుంది. వేపచెట్టు, టేకుచెట్టు నీడలు కూడా అంత మంచివేం కావు. లేత టేకాకు నలిపితే చేతికి ఎర్రటి రసం అంటుతుంది కదా, ఆ రంగు బండి గరుకులోకి దిగితే తీయడం కష్టం. మే నెలలో నీడ వదులుకోమని ఎవరం చెప్పలేం. చెట్టు కింద పెట్టండి, కాకపోతే బండిలో ఒక నీళ్ల సీసా, ఒక మెత్తటి గుడ్డ ఉంచుకోండి. రెట్ట గాని, పూరసం గాని కనబడగానే తడిపిన గుడ్డ దాని మీద పరిచి పది నిమిషాలు వదిలేస్తే మెత్తబడి దానంతటదే గుడ్డతో వచ్చేస్తుంది. గోకడం మాత్రం వద్దు. భద్రాచలం నుంచి చింతూరు వైపు రాత్రిపూట వెళితే ముందు బంపరు నిండా అంటుకునే పురుగులకూ ఇదే వైద్యం. కోతుల సంగతి వేరు, వాటికి ఏ మందూ లేదు.

గోదావరి పొంగినప్పుడు ఇంకో పరీక్ష. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. అలాంటప్పుడు నీళ్లు తాకిన బండ్ల మీద ఒండ్రు పెచ్చులు కడుతుంది. ఇంజనులో నీళ్లు పోకుండా చూసుకోవడం ముందు పని, రంగు గొడవ తర్వాత. కాకపోతే ఆ పెచ్చును చేత్తో ఊడదీయకుండా గంటల తరబడి నాననిచ్చి పైపుతో వదలగొట్టాలి.

వీటన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించేది బండి పూజ. కొత్త బండి కొన్నవాళ్లు భద్రాద్రి రామయ్య దగ్గరికి తీసుకెళ్లకుండా ఉండరు, దసరాకు ఇంటి దగ్గర పూజ చేయకుండా ఉండరు. పసుపు కలిపి బోనెట్ మీద స్వస్తిక్ వేస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, బంతిపూల దండ కడతారు. మెరిసే కారు మీద అవి కడిగితే చాలావరకు పోతాయి. మ్యాట్ గరుకులో పసుపు దిగి కూర్చుంటుంది. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. కాబట్టి నూనెతో కలిపిన పసుపు ఇంకా లోతుకు పోతుంది. కుంకుమ సంగతి చూస్తే, పసుపుకు సున్నం చేర్చి చేసిన పాతకాలపు కుంకుమ కొంత నయం, బజారులో దొరికే చౌకరకాల్లో కృత్రిమ రంగులుంటాయి, అవి మొండివి. దండ కట్టిన పురికొస బండి నడిచేటప్పుడు ఊగుతూ బోనెట్‌ను రాస్తుంది. భద్రాచలం నుంచి ఖమ్మం దాకా ఆ దండతోనే వచ్చేవాళ్లున్నారు.

పూజ మానుకోనక్కర్లేదు. “పంతులుగారూ, బొట్లన్నీ ముందద్దం మీద, నంబరు ప్లేటు మీద పెట్టండి, రేకు మీద వద్దు” అంటే ఏ పూజారీ కాదనడు. గాజు మీది పసుపు ఒక్క తుడుపుకు పోతుంది. దండను దర్శనం అయ్యాక తీసి లోపల పెట్టుకోవచ్చు. కొబ్బరికాయ బంపరుకు కాక నేల మీద కొట్టాలి. అప్పటికే పసుపు అంటి ఉంటే పాలిష్ జోలికి వెళ్లకుండా షాంపూ నీళ్లతో అద్ది వచ్చినంత తీసి, బండిని కొన్నాళ్లు ఎండలో పెట్టండి. కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. పసుపు బట్ట ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం ఇందువల్లే. అత్తగారి పట్టుదల వల్ల స్వస్తిక్ బోనెట్ మీదే పడితే దిగులు పడకండి, ఎండాకాలం మీ పక్షానే ఉంది.

చిన్న జాగ్రత్తలు ఇంకొన్ని ఉన్నాయి. పెట్రోలు బంకులో మూత దగ్గర కారిన చుక్కను వెంటనే తడిగుడ్డతో తీయాలి. కొబ్బరినూనె తలలు ఆనించే పిల్లలను, బోనెట్ మీద కూర్చుని ఫొటో దిగే స్నేహితులను మర్యాదగానే దూరం పెట్టాలి.

ఇక రక్షణ పూతలు. ఖమ్మంలోనూ ఇప్పుడు కారు డిటెయిలింగ్ షాపులున్నాయి. సిరామిక్ కోటింగ్ వేస్తే నీళ్లు, బురద, రెట్టలు తేలిగ్గా వదులుతాయి, అంతవరకే. రాయి తగిలినా గీత పడదని చెబితే నమ్మకండి. రాళ్లను కొంత ఆపేది పీపీఎఫ్ అనే పారదర్శక ఫిల్ము. అందులో మ్యాట్ రకం వేరే ఉంటుంది. మామూలు రకం వేయించారంటే మీ మ్యాట్ కారు మెరిసే కారైపోతుంది. సిరామిక్ ప్యాకేజీలో అడగాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. పూత వేసేముందు ‘పెయింట్ కరెక్షన్’ అని ఒక పని చేస్తారు. పేరు పెద్దది గాని అది మిషనుతో పాలిష్ పట్టడమే. ఆ పని ప్యాకేజీ నుంచి తీసేయించి, బిల్లు మీద అలాగే రాయించుకోండి.

నన్నడిగితే బొగ్గు టిప్పర్ల వెనక రోజూ తిరిగేవాళ్లకు, బండి కడిగే పని ఇతరులకు అప్పగించేవాళ్లకు ఫ్యాక్టరీ మ్యాట్ కంటే మంచి దారి ఉంది. మామూలు మెరిసే రంగు కారు కొని, దాని మీద మ్యాట్ ఫిల్ము వేయించుకోవడం. చూడ్డానికి అలాగే ఉంటుంది, చెడితే ఆ ముక్క ఊడదీసి కొత్తది వేయొచ్చు, అమ్మేటప్పుడు మొత్తం పీకేస్తే కింద కొత్త రంగు. ఖర్చు తక్కువేం కాదు. పారదర్శక మ్యాట్ ఫిల్ము అయితే బండి రంగు మారదు. రంగు స్టిక్కరుతో ఎర్ర బండిని నల్ల బండి చేస్తే మాత్రం ఆర్సీలో ఉన్న రంగుకూ బండికీ పొంతన ఉండదు, ఆర్టీవో ఆఫీసులో మార్పు రాయించుకోవాలి.

ఫ్యాక్టరీ మ్యాట్ మీదే గీత లోతుగా పడితే? ఆ తలుపో, ఫెండరో మొత్తం మళ్లీ పెయింటింగ్ చేయాల్సిందే. మెరిసే రంగులో పెయింటరు మచ్చంత మేర కొట్టి, అంచులు పాలిష్‌తో కలిపేస్తాడు, లాకర్ తడిగా ఉండగా పడిన దుమ్ము నలకను ఆరాక రుద్ది తీసేస్తాడు. మ్యాట్‌లో ఆ రెండూ కుదరవు. లాకర్ ఎంత మందంగా కొట్టాడు, పూతకూ పూతకూ మధ్య ఎంతసేపు ఆగాడు, ఎంత వేడిలో ఆరబెట్టాడు అన్నదాన్ని బట్టి మెరుపు మారిపోతుంది. కాబట్టి రోడ్డు పక్క షెడ్డులో కాకుండా దుమ్ము రాని పెయింటింగ్ బూత్ ఉన్న చోటే చేయించాలి. ముందు ఒక విడి రేకు ముక్క మీద కొట్టించి, దాన్ని ఎండలో పక్క తలుపు దగ్గర పెట్టి చూడమనండి.

ఇన్సూరెన్సులో దీనికో లెక్క ఉంది. మామూలు పాలసీలో పెయింటింగ్ సామాను ఖర్చులో 50 శాతం తరుగు కింద కోస్తారు. సామానూ కూలీ కలిపి ఒకే బిల్లు ఇస్తే అందులో 25 శాతం సామాను కింద లెక్కిస్తారు. ఉదాహరణకు పెయింటింగ్ మొత్తం 20,000 రూపాయలైతే 5,000 సామాను, అందులో సగం 2,500 మీ జేబులోంచి. తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ పాలసీ తీసుకుంటే ఈ 2,500 ఉండదు. కాకపోతే 1,500 సీసీ లోపు కారుకు 1,000, అంతకుమించితే 2,000 తప్పనిసరి మినహాయింపు ఎలాగూ ఉంటుంది, క్లెయిము చేస్తే మరుసటి ఏడాది నో క్లెయిమ్ బోనసూ పోతుంది. అన్నిటికంటే తగువు వచ్చేది పక్క తలుపు దగ్గర. దెబ్బ తగిలింది ఒక్క తలుపుకే, కొత్త మ్యాట్ పాతదానితో కలవలేదు, పక్కదానికీ కొట్టాలంటాడు పెయింటరు. ఆ రెండోదానికి డబ్బు ఎవరిస్తారన్నది పని మొదలయ్యాక అడిగితే జవాబు ఎటూ తేలదు. ఇన్సూరెన్సు సర్వేయరు బండి చూడటానికి వచ్చిన రోజే అడిగి, ఆయన ఒప్పుకున్నది ఎస్టిమేటులో రాయించండి.